శవాల బండికి ఛార్జింగ్ పెట్టించిన టెస్టరమ్మ

టెస్టరమ్మకు ఆ పేరు పెట్టింది లిఫ్టుల కంపెనీలో తోటి మెకానిక్కులు. కరెంటు ఉందో లేదో చూసే టెస్టరును ఆవిడ జేబులో పెట్టుకోదు, కొప్పులో గుచ్చుకుంటుంది. జేబులో ఉంటే వంగినప్పుడల్లా జారి లిఫ్టు గుంతలో పడేది. దానికోసం ఆరంతస్తులు దిగి, చీకట్లో తడుముకుని, మళ్లీ ఆరంతస్తులు ఎక్కాలి. కొప్పులోనైతే తలకాయ పోతే తప్ప టెస్టరు పోదు. అసలు పేరు జీతం చీటీ మీద ఉండేది. దాన్ని ఆవిడ కూడా నెలకోసారే చదువుకునేది.

పందొమ్మిదేళ్లు లిఫ్టులు బాగుచేసింది. ఆ పనిలో ఆవిడకు వంటబట్టిన విద్య ఒకటే. లిఫ్టులో ఇరుక్కున్నవాడికి ముందు కావలసింది నిజం. అయిదు నిమిషాల్లో వచ్చేస్తాం అని చెప్పి నలభై నిమిషాలు చేస్తే, ఆరో నిమిషం నుంచి వాడు తలుపు గుద్దుతాడు, పదో నిమిషానికి దేవుణ్ణి, పదిహేనో నిమిషానికి మెకానిక్కు తల్లినీ తలుచుకుంటాడు. అందుకని టెస్టరమ్మ పైనుంచి సందులో మూతి పెట్టి అరిచేది.

"నలభై నిమిషాలు పడుతుంది. నిలబడితే కాళ్లు నొప్పులు, కూర్చోండి. గాలి ఆడుతుంది, ఎవరూ చావరు."

అంత మొరటుగా చెప్పినా లోపల జనం నిమ్మళంగా కూర్చునేవారు. ఒకసారి అలా కూర్చున్న ఇద్దరు తర్వాత పెళ్లి కూడా చేసుకున్నారు. దానికి తన బాధ్యత లేదని ఆవిడ చెప్పుకునేది.

మోకాళ్లు అరిగాక మెట్లెక్కే పని మానేసి, ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పక్క ఛార్జింగ్ పెట్టే కంపెనీలో చేరింది. నేలమీద ఉండే మిషన్లు కదా, మోకాళ్లకు సుఖం అనుకుంది. పదకొండు స్టేషన్లు, నలభై రెండు గన్నులు ఆవిడ చేతికిచ్చారు. గన్ను అంటే పేలేది కాదు. కారు పక్కటెముకలోకి దూర్చే ప్లగ్గు. ఆ గన్నుల్లో సగం పేలినా బాగుండేది, కనీసం కరెంటుందని తెలిసేది అని ఆవిడ చేరిన నెలకే అనేసింది.

సంగతేమిటంటే, కంపెనీవాళ్ల యాప్‌లో గన్నుకో చుక్క ఉంటుంది. పచ్చచుక్క అయితే పనిచేస్తోందని, ఎర్రచుక్క అయితే చెడిందని. డ్రైవర్లు ఆ చుక్కను నమ్ముకునే బయల్దేరతారు. కానీ ఆ చుక్క పచ్చగా ఉండాలంటే గన్ను నుంచి కారులోకి కరెంటు వెళ్లనక్కర్లేదు. మిషన్ లోపలున్న చిన్న కంప్యూటరు, పెద్దాఫీసు అడిగినప్పుడల్లా "ఉన్నాను" అంటే చాలు. బళ్లో హాజరు పలికినవాడికల్లా ఎక్కాలు వచ్చేసినట్టు లెక్క. తెర ఎండకు ఉడికి తెల్లబారినా, కార్డు గీకే సందులో చీమలు కాపురం పెట్టినా, గన్ను మీదనుంచి లారీ వెళ్లి అప్పడమైనా, లోపలి కంప్యూటరు మాత్రం ఉన్నాను ఉన్నాను అంటూనే ఉంటుంది. పెద్దాఫీసు గోడ మీద తెరలో "తొంభై ఎనిమిది పాయింట్ ఆరు శాతం పనిచేస్తున్నాయి" అని వెలుగుతూ ఉంటుంది. టెస్టరమ్మ రోజూ తిరిగి, చేత్తో పట్టుకుని చూసిన లెక్క ప్రకారం నలభై రెండింట్లో ఇరవై తొమ్మిది.

ఆవిడ కంట్రోల్ రూముకు ఫోన్ చేసేది. అక్కడ కూర్చునే కుర్రాడు మర్యాదస్తుడే.

"అక్కా, స్టేడియం దగ్గర రెండో గన్ను చెడిందంటావు, నాకిక్కడ పచ్చగానే కనిపిస్తోంది."

"నీకేం, పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుంది. దాని కేబులు దొంగలు కోసుకుపోయారు బాబూ. గన్నే లేదు. ఉత్త మొండెం నిలబడుంది."

"లేకపోతే ఎర్రగా రావాలి కదక్కా?"

"కేబులు పోయిందని దానికి తెలీదు. తోక తెగిన సంగతి బల్లికి తెలుస్తుంది కానీ దీనికి తెలీదు."

"సరే, ఓసారి రీసెట్ కొడతా."

రీసెట్ కొట్టేవాడు. మిషన్ ఆరి, వెలిగి, మళ్లీ ఉన్నాను అనేది. చుక్క ఇంకాస్త పచ్చగా వెలిగేది. సామాన్లు కావాలని రాస్తే జవాబు రాదు. చెడనిదానికి సామానెందుకని పెద్దాఫీసు వాదన.

చేసేది లేక టెస్టరమ్మ కాగితాలు అంటించడం మొదలుపెట్టింది. లావుపాటి మార్కరుతో గుండ్రంగా రాసేది. "ఇది చచ్చింది. ఫోను మాట నమ్మకండి. పక్కది పట్టండి." ఇంకోచోట: "దీని కళ్లు పోయాయి, ఒళ్లు బానే ఉంది. కార్డు గీకి ఇరవై దాకా లెక్కపెట్టండి, అదే మొదలవుతుంది." ఒక మొండి మిషన్ మీద: "ఇది మధ్యాహ్నం రెండు దాటాక పనిచేయదు. ఆఫీసరు లాంటిది."

జనం యాప్ మానేసి ఆ కాగితాలు చదవడం మొదలుపెట్టారు. టాక్సీవాళ్లు వాటిని ఫొటో తీసి ఒకరికొకరు పంపుకునేవారు. కంపెనీ నుంచి మెమో వచ్చింది, మిషన్ల పరువు తీస్తున్నారని. ఆవిడ మెమో చదివి, వెనకవైపు ఖాళీగా ఉండటం గమనించి, దానిమీదే ఇంకో నోటీసు రాసి అంటించింది.

ఇంటి దగ్గర ఆవిడ మొగుడు కారు సీట్లకు కవర్లు కుడతాడు. మాటలు తక్కువ, ఎందుకంటే నోట్లో ఎప్పుడూ నాలుగు గుండుసూదులుంటాయి. ఆవిడ రోజంతా జరిగింది చెబుతుంటే మిషన్ తొక్కుతూ ఊ కొడతాడు. ఇరవై ఆరేళ్ల సంసారం అలా ఊ మీదే నడిచింది. పెళ్లయిన కొత్తలో ఎక్కడికైనా తీసుకెళతానన్నాడు. తీసుకెళ్లాల్సిన ఆదివారాలన్నీ ఎవరివో సీట్లు తినేశాయి.

ఇదిలా ఉండగా ఒక గురువారం, ఉదయం పదిన్నరకు, స్టేడియం గోడ పక్కనున్న స్టేషనులో టెస్టరమ్మ మూడో గన్ను విప్పుకుని కూర్చుంది. పొడుగాటి తెల్లబండి ఒకటి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. వెనకే రెండు కార్లు. తెల్లబండి మీద పూలున్నాయి. పెళ్లివాళ్లేమో అనుకుంది. డ్రైవరు దిగి టోపీ తీశాక గానీ అది శవాల బండి అని అర్థం కాలేదు.

"అమ్మా, నాలుగు శాతం ఉంది. ఇప్పటికి రెండు స్టేషన్లు తిరిగాను. రెండు చోట్లా పచ్చచుక్కే, రెండు చోట్లా గుండుసున్నా. ఇక్కడ నాలుగు గన్నులూ పచ్చగా ఉన్నాయి, ఏది పెట్టమంటావు?"

"ముందు లోపలెవరో చెప్పు."

"లైసెన్సుల ఇన్‌స్పెక్టరుగారు. డ్రైవింగ్ పరీక్షలు పెట్టేవారు చూడు, ఆయన." డ్రైవరు గొంతు తగ్గించాడు. "ఈ ఊళ్లో సగం మందిని ఫెయిల్ చేసిన మనిషి. నన్ను మూడుసార్లు. ఆఖరికి నా బండే ఎక్కాడు."

"మరి పొద్దున్నే నిండా ఛార్జింగ్ పెట్టుకోవద్దూ?"

"పొద్దున్నుంచి రెండు ట్రిప్పులేశానమ్మా. చావు చెప్పిరాదు కదా. ఈయన పుట్టిన ఊళ్లో పూడ్చాలట, తొంభై కిలోమీటర్లు. రెండింటికల్లా అక్కడ ఉండాలి."

వెనక కారు అద్దం దిగింది. అందులో తెల్లజుట్టు ఆవిడ, పోయినాయన భార్య. ఏడ్చి ఏడ్చి మొహం వాచింది కానీ గొంతు కంచులా ఉంది.

"బండి ఎక్కేముందు ఏం చూడాలని అడిగేవారు ఆయన. ఏం చూడాలి నాయనా?"

డ్రైవరు చేతులు కట్టుకున్నాడు. "ఇంధనం ముల్లు చూడాలండి."

"చూశావా?"

"లేదండి."

"ఆయనుంటే నాలుగోసారీ ఫెయిలే."

టెస్టరమ్మకు నవ్వొచ్చింది. ఆపుకుని, లిఫ్టు సందులో అరిచినట్టే ఉన్నమాట చెప్పేసింది.

"చూడండమ్మా, చుక్కలు నాలుగున్నా గన్ను ఒకటే ఉంది. మొదటిదానికి తెర లేదు, కార్డూ తీసుకోదు. రెండోదానికి కేబులే లేదు. మూడోది ఇదిగో నా ఒళ్లో పేగులు బయటేసుకుని ఉంది. నాలుగోది మంచిదే. కాకపోతే దాని కొక్కెం విరిగింది. కారుకు కరుచుకుని ఉండదు, బరువుకు కిందికి వాలుతుంది. వాలిన వెంటనే మిషన్ ఆగిపోతుంది. ఎవరైనా నిటారుగా ఎత్తిపట్టుకుంటే నడుస్తుంది."

"ఎంతసేపు?"

"మీకు కావలసినంత ఎక్కడానికి ముప్పై ఎనిమిది నిమిషాలు. ముప్పై అని చెబితే అబద్ధం."

"సరే పట్టుకుంటారు. మోసేవాళ్లు లేకేం."

మోసేవాళ్లెవరా అని చూస్తే, డ్రైవరుకు హెర్నియా ఆపరేషనై మూడు వారాలు. రెండో కారులో ఉన్నవాళ్లంతా ఇన్‌స్పెక్టరుగారి ఈడు స్నేహితులు. వాళ్లను ఎవరైనా ఎత్తిపట్టుకోవాలే గానీ వాళ్లు దేన్నీ ఎత్తలేరు. మిగిలింది ఇద్దరు అల్లుళ్లు. పెద్దల్లుడు బ్యాంకు ఉద్యోగి, చిన్నల్లుడు బళ్లో వ్యాయామం మాస్టారు. తోడల్లుళ్లిద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. చిన్నల్లుడి దగ్గర పెద్దల్లుడు నిచ్చెన అడిగి తీసుకెళ్లి, ఒక మెట్టు తక్కువగా తిరిగిచ్చాడట. నేను విరగ్గొట్టలేదు, వచ్చేటప్పుడే అలా ఉంది అంటాడు పెద్దాయన. ఏనుగెక్కినా విరగని నిచ్చెన అంటాడు చిన్నాయన. నిచ్చెన ఎప్పుడో చెదలు తిన్నాయి. పగకు చెదలు పట్టలేదు.

టెస్టరమ్మకు ఇదేమీ తెలియదు. ఇద్దరికీ రబ్బరు తొడుగులిచ్చి, పెద్దాయన చేతికి గన్ను, చిన్నాయన భుజానికి కేబులు అప్పగించింది. కేబులు ఏనుగు తొండమంత లావు, బరువు కూడా దానికి తగ్గట్టే. కార్డు గీకింది. మిషన్ గుర్రుమంది. అంకె కదిలింది. నిమిషం తిరక్కుండానే పెద్దాయన కాస్త ఎత్తాడు, అదే సమయానికి చిన్నాయన కాస్త దించాడు. గన్ను వాలింది. మిషన్ ఆగింది.

మళ్లీ కార్డు. ఈసారి చిన్నాయన ఎత్తాడు, పెద్దాయన దించాడు. మళ్లీ ఆగింది.

"ఏమండీ, ఒకరికొకరు చెప్పుకుని ఎత్తండి," అంది టెస్టరమ్మ.

"ఆయనతో చెప్పండి," అన్నాడు పెద్దాయన.

"విన్నానని చెప్పండి," అన్నాడు చిన్నాయన.

మూడోసారీ ఆగేసరికి ఇన్‌స్పెక్టరుగారి భార్య కారు దిగింది. నెమ్మదిగా నడిచి వచ్చి, బండిలోపలికి ఒకసారి చూసి, అల్లుళ్ల ముందు నిలబడింది.

"మీ మామగారు లోపల వింటున్నారో లేదో తెలీదు గానీ నేను వింటున్నాను. ఆ నిచ్చెన మెట్టు విరగ్గొట్టింది ఈయనే."

అల్లుళ్లిద్దరూ ఆవిడ వేలు ఎటు చూపిస్తోందో చూశారు. అది పూలదండల వైపే చూపిస్తోంది.

"పెద్దబాబు నిచ్చెన తెచ్చిన రోజు మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. మీ మామగారు బల్బు మారుస్తానని ఎక్కారు. మెట్టు ఫెళ్లుమంది. ఎవరికీ చెప్పొద్దన్నారు. ఊరందర్నీ తప్పు పట్టేవాణ్ణి, నా తప్పు బయటపడితే నవ్వుతారన్నారు. పదకొండేళ్లు నోరు కట్టుకున్నాను. ఇక ఆయన్నెవరూ ఏమీ అనలేరు కదా."

రోడ్డు మీద బస్సొకటి హారన్ కొడుతూ పోయింది. ముందుగా నోరు విప్పింది చిన్నల్లుడు.

"నన్ను కూడా రెండుసార్లు ఫెయిల్ చేశారు బావగారూ. చేతి సిగ్నల్ సరిగ్గా ఇవ్వలేదని."

"నన్ను నాలుగుసార్లు. పెళ్లయ్యాక కూడా," అన్నాడు పెద్దల్లుడు. "కొంచెం ఎత్తు తమ్ముడూ."

"ఎత్తాను. చాలా?"

"చాలు. అక్కడే ఉంచు."

టెస్టరమ్మ నాలుగోసారి కార్డు గీకింది. మిషన్ గుర్రుమంది, ఇక ఆగలేదు. తోడల్లుళ్లు మధ్యమధ్య భుజాలు మార్చుకున్నారు, మార్చుకునేముందు ఒకరికొకరు చెప్పుకున్నారు. నిచ్చెన మీంచి మామగారు పడుతున్న దృశ్యం కళ్లముందు మెదిలినట్టుంది, ఒక దశలో చిన్నాయనకు నవ్వు తన్నుకొచ్చింది. అది పెద్దాయనకు అంటుకుంది. శవం పక్కన నిలబడి ఇద్దరు మగాళ్లు కళ్లనీళ్లు కారేలా నవ్వారు. ఏడుపేమో అనుకుని దారినపోయేవాళ్లు ఆగి దణ్ణం పెట్టి వెళ్లారు.

"నవ్వితే నవ్వండి, చెయ్యి కదిలిస్తే ఊరుకోను," అంది అత్తగారు.

ముప్పై ఎనిమిది నిమిషాలకు నలభై మూడు శాతం. బండి కదిలేముందు ఆవిడ టెస్టరమ్మ చెయ్యి పట్టుకుంది. "అందరూ అయిదు నిమిషాలనే చెబుతారమ్మా. ఆస్పత్రిలో కూడా అంతే చెప్పారు," అని కారెక్కింది.

రెండో కారులోని స్నేహితుల్లో ఒకాయన చేతులకు బరువెత్తే శక్తి లేకపోయినా ఫోనెత్తే శక్తి ఉంది. మొత్తం వీడియో తీశాడు. సాయంత్రానికి ఊరంతా చూసింది. అల్లుళ్లు కేబులు మోస్తుంటే వెనక మిషన్ తెర మీద "మీ ప్రయాణం మా ఆనందం" అనే కంపెనీ మాట కదులుతోంది.

సోమవారం పెద్దాఫీసు నుంచి పిలుపొచ్చింది. అద్దాల గది, పొడుగు బల్ల, బల్ల చుట్టూ ఎనిమిది మంది, గోడ మీద తెర. టెస్టరమ్మ వెళ్లి చివరి కుర్చీలో కూర్చుంది.

పెద్దాఫీసరు గొంతు సవరించుకున్నాడు. "మీరు మా కంపెనీకి శవాన్ని అంటగట్టారు."

"నేనెక్కడ తెచ్చాను సార్? దానంతటదే వచ్చింది. మీ చుక్క చూసుకునే వచ్చింది."

"ఆ రోజు ఆ స్టేషను అద్భుతంగా పనిచేసింది. రికార్డు చూడండి. ఆ ఒక్క గంటలోనే నాలుగు ఛార్జింగులు జరిగాయి. ఊళ్లోనే మొదటి స్థానం."

టెస్టరమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. గన్ను జారి మూడుసార్లు ఆగింది, నాలుగోసారి నడిచింది. ఆ జారిపోయినవన్నీ కూడా పనిచేసిన ఖాతాలోనే పడ్డాయన్నమాట. ఇంకో రెండుసార్లు పడేసి ఉంటే ఆ స్టేషనుకు బహుమతి ఇచ్చేవారేమో.

"సార్, ఒక్కమాట. మీ ఎనిమిది మందికీ ఎలక్ట్రిక్ కార్లున్నాయా?"

ఉన్నాయన్నారు, కాస్త గర్వంగానే.

"ఛార్జింగ్ ఎక్కడ పెట్టుకుంటారు?"

మూలనున్న ఒకాయన పొరపాటున నిజం చెప్పేశాడు. "ఇంట్లోనే."

"మిగతావాళ్లో?"

మిగతావాళ్లూ ఇంట్లోనే. రోడ్డు మీది గన్నును చేత్తో పట్టుకున్నవాడు ఆ గదిలో ఒక్కడూ లేడు. పెద్దాఫీసరు బల్ల మీది కాగితం వైపు చూశాడు. అది ఇన్‌స్పెక్టరుగారి భార్య పంపింది. భర్త బీరువాలో మిగిలిన డ్రైవింగ్ పరీక్ష ఫారం తీసి, అభ్యర్థి పేరు దగ్గర కంపెనీ పేరు రాసి, కింద ఎర్రసిరాతో "ఫెయిల్. నేర్చుకుని రండి" అని రాసి, నకలు పత్రికలకు పంపినట్టు కూడా సూచించింది.

ఉద్యోగం తీసేద్దామనుకునే పిలిచారు. వీడియోలో మొహం ఊరందరికీ తెలిసిపోయింది కనక తీయలేకపోయారు. ఏం కావాలో చెప్పమన్నారు. టెస్టరమ్మ పెద్దగా ఏమీ అడగలేదు. సామాన్లు కావాలంది. కారు వచ్చి, చాలినంత కరెంటు ఎక్కించుకుని వెళితేనే గన్ను పనిచేసినట్టు లెక్క వేయమంది. రోజూ నిజం కారుతో ప్రతి గన్నూ చూడాలంది.

సామాన్లు సగం వచ్చాయి. కొక్కేలు రావడానికి మూడు నెలలన్నారు. ఈలోగా ఇంటాయన పాత సీటుబెల్టులు కోసి, గన్నును కారుకు ఎత్తి కట్టే పట్టీ ఒకటి కుట్టిపెట్టాడు. అనుమతి లేని వస్తువని కంపెనీ మొదట తీసేయించింది. రెండు వారాల తర్వాత దానికే "కేబుల్ సహాయక ఏర్పాటు" అని పేరు పెట్టి, నలభై రెండు కుట్టమని కబురంపింది. కబురు విన్న ఆయన నోట్లో సూదులు తీసి, చాలా కాలానికి పూర్తి వాక్యం మాట్లాడాడు. "నలభై రెండు కాదు, నలభై ఒకటి చాలు. ఒకదానికి కేబులే లేదన్నావు కదా."

లెక్క మార్చిన మర్నాడు గోడ మీద తెర డెబ్బై ఒకటి శాతం చూపించింది. ఆ గదిలో చావు జరిగినట్టే కూర్చున్నారట. కానీ మూడో నెలకు ఎనభై నాలుగైంది. ఆ ఎనభై నాలుగు నిజం ఎనభై నాలుగు. కంట్రోల్ రూము కుర్రాడు ఇప్పుడు ఫోన్ చేసి మొదటే, "అక్కా, ఇక్కడ పచ్చగా ఉంది, అక్కడెలా ఉంది?" అని అడుగుతాడు.

కారు కూడా ఇచ్చారు. ఎవరో వాడి వదిలేసిన చిన్నకారు, ఒక తలుపు బయటనుంచే తెరుచుకుంటుంది. టెస్టరమ్మ స్టేషను స్టేషనుకూ తిరిగి గన్ను పెట్టి చూస్తుంది. అందులో ఒక తిరకాసు ఎవరూ ముందు ఊహించలేదు. కారు ఖాళీగా బయల్దేరకపోతే నాలుగు స్టేషన్లు తిరిగేసరికి బ్యాటరీ నిండిపోతుంది. నిండిన బ్యాటరీ కరెంటు తీసుకోదు, తీసుకోకపోతే అయిదో స్టేషనులో గన్ను మంచిదో చెడ్డదో తెలియదు. కాబట్టి మర్నాటి పరీక్షకు ముందురోజు సాయంత్రమే కారును ఖాళీ చేయాలి. ఖాళీ చేయడమంటే తిరగడమే. ఏ పనీ లేకుండా, ఏసీ నిండా పెట్టి, ఊరంతా తిరగాలి. ఇది ఉద్యోగంలో భాగమని కంపెనీ కాగితం కూడా ఇచ్చింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం అయిదున్నరకు ఇంటాయన మిషన్ మీద గుడ్డ కప్పి, సూదులు డబ్బాలో వేసి, బయట నిలబడి తలుపు తెరుచుకుని ఎక్కుతాడు. వంతెన దాటి, గిడ్డంగుల వెనక రోడ్డు పట్టి, చెరకు లారీల వెంటా పిల్లల సైకిళ్ల వెంటా ఎటో వెళతారు. ఆవిడ నడుపుతుంది. ఆయన వచ్చేపోయే కార్లలో సీట్ల కుట్టు చూసి తప్పులు పడతాడు.

"ఇంకా ఎంతుంది?" అని అడుగుతాడు మధ్యలో.

"ముప్పై శాతం."

"చాలా ఉంది," అంటాడు ఆయన సీటు వెనక్కి వాల్చుకుంటూ. "ఇంకాస్త దూరం పోనీ."